అరుగుపై అతిథి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయమును నిలిపిన మిమ్ములను అభినందించుట నా మొదటి విధి. రెండవ విధి కొంచెము కష్టమైనది. మన గ్రంథాలయపు అరుగుపై కొన్ని నెలలుగా ఒక వృద్ధుడు రాత్రులు పరుండుచున్నాడు. అరుగునకు ఇనుప కటకటాలు పెట్టింపవలెనని కొందరు మిత్రులు అనుచున్నారు. పుస్తకములు భద్రముగా నుండవలెనను వారి తలంపు తప్పు గాదు. అయినను కటకటాలకు కొలతలు తీయుటకు ముందు నా నాలుగు మాటలు వినవలెనని వేడుచున్నాను.

నేను క్రైస్తవుడను గనుక నా మతగ్రంథము నుండియే ఆరంభింతును. క్రీస్తు జన్మించిన రాత్రి ఆయన తల్లికి సత్రములో చోటు దొరకలేదు. శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టవలసి వచ్చెను. పెద్దవాడైన పిదప ఆయన తలవాల్చుటకు సొంత తావు లేక ఊరూర తిరిగెను. పరదేశికి చోటిచ్చినవారు తనకే చోటిచ్చినట్లని ఆయన బోధించెను. కావున ఇల్లులేనివానిని చూచినపుడు క్రైస్తవునకు మొదట జ్ఞప్తికి రావలసినవాడు క్రీస్తే.

ఆయన చెప్పిన సమరయుని కథ మీలో అనేకులు ఎరుగుదురు. దొంగలు కొట్టి విడిచిన బాటసారిని సమరయుడు సత్రమునకు చేర్చి, రెండు దేనారములు చెల్లించెను. మనము సాధారణముగా కథను అంతటితో ముగింతుము. కాని అతడు తిరిగి వచ్చెదననియు, మిగిలిన ఖర్చు తానే భరించెదననియు మాట యిచ్చి వెళ్లెను. దానమునకును సేవకును గల భేదమంతయు ఆ తిరిగి వచ్చుటలోనే యున్నది.

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్త గాదు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లున 1912లో బిషప్పైన వి. యస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి నందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో పాశ్చాత్యుల యెదుట నిలిచి, వారి త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, తమకు స్నేహము కూడ కావలెనని నిర్భయముగా అడిగిరి. ధనమిచ్చి దూరముగా నిలుచుట చాలదని దాని భావము. అరుగుపై వృద్ధుడు నోరు విప్పి అడుగలేకున్నను, అతనికి కావలసినదియు అదియే.

2011 ఫిబ్రవరి 28 రాత్రి జనాభా లెక్కలవారు ఇల్లులేనివారిని లెక్కించిరి. దేశమందు పదునేడు లక్షల డెబ్బది వేలకు పైగా తేలిరి. ఇది పట్టణముల గొడవ యని తలపవద్దు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగినపుడు, 2024 సెప్టెంబరు 1న ఆకేరు వరదలో మహబూబాబాదు జిల్లాలోని సీతారాం తండా చిక్కినపుడు, ముందునాటి రాత్రి వరకు ఇల్లు గలవారే తెల్లవారుసరికి నిలువ నీడ లేనివారైరి. జనగామ రైలు స్టేషనులో చలికి ముడుచుకొని పడియుండువాడును ఒకనాడు ఎవరి యింటి బిడ్డయో గదా!

ఇంకొక విషయము. ఇల్లు లేనివానికి గూడ ఓటు హక్కు కలదు. అతడు రాత్రి నిదురించు తావే అతని చిరునామా. ఎన్నికల ఉద్యోగి రాత్రివేళ వచ్చి, ఒక్క రాత్రి గాక మరల వచ్చి, అతడచటనే పరుండుచున్నాడని చూచి ధ్రువపరచినచో, నివాసమునకు వేరే కాగితము అక్కరలేదు. అనగా మన అరుగు ఒక భారత పౌరునికి చిరునామా కాగలదు. దానిని కటకటాలతో మూసినచో అతని చిరునామాను మనమే చెరిపినట్లగును.

కార్యవర్గమునకు నా మనవి యిది. తాళము పుస్తకముల గది తలుపునకు వేయుడు. అరుగును తెరచి యుంచుడు. రోజున కొకరము వంతున రాత్రి భోజనము తీసికొని పోవుదము. పళ్లెము పెట్టి మరలక, ప్రక్కన కూర్చుండి అతని పేరును, ఊరును అడుగుదము. చదువు వచ్చిన యువకులు అతని దరఖాస్తులు వ్రాసి పెట్టుదురు గాక. జబ్బు చేసినచో ఆసుపత్రికి చేర్చి, మరునాడు మరల పోయి చూతము.

ఇంతకాలము మన గ్రంథాలయము చదువ వచ్చినవారికి చోటిచ్చినది. చదువు రాని ఒక వృద్ధునికి గూడ చోటిచ్చినచో ఈ రజతోత్సవము సార్థకమగును.