ఇంటికి సబ్‌వూఫరు



దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరి మ్రోగునప్పుడు ఆ నాదము చెవికే గాక ఱొమ్మునకును దాకును. అట్టి మంద్రనాదమును ఇంట వినిపించు పెట్టెయే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంగళ్లలో నమ్మెడు సబ్‌వూఫరు. మన చెవి సెకనునకు 20 మొదలు 20,000 కంపనముల వఱకు గ్రహించును. అందు ఇంచుమించు 80కి దిగువవానిని బలికించుటయే దీని పని.

పెద్దదే కావలెనని కుమారుడనును. అంగడివాడు వాట్లు లెక్కించును. మీరు గదిని గొలువుడు. 40 కంపనముల ధ్వనితరంగము రమారమి 28 అడుగుల పొడవుండును. అందు సగమైన 14 అడుగుల గదిలో నది గోడలకడ ఘోషించి నడుమ సన్నగిల్లును. కావున నొకయింట మధురమైన పెట్టెయే మఱియొకయింట రొదయగును. చిన్నగదికి 8 లేక 10 అంగుళముల స్పీకరు చాలును. రంధ్రముగల పెట్టె బిగ్గరగా మ్రోయును గాని, చౌకరకములందు మృదంగపు దెబ్బ సాగి మూల్గును. సంగీతప్రియులకు మూసినపెట్టెయే మేలని నా యభిప్రాయము.

చోటెఱుగుటకు, పెట్టెను మీరు కూర్చుండు తావున నుంచి, పాట పెట్టి, గోడల వెంబడి వంగి నడచుచు వినుడు. నాదము సమముగా వినవచ్చిన చోటనే దానిని నిలుపుడు. మోకాళ్లు నొచ్చువారు మనుమలకు నప్పగింపవచ్చును!

మంద్రధ్వనికి తలుపు అడ్డుగాదు. ఉమ్మడిగోడయు దానిని పూర్తిగా నాపజాలదు. ఆవల పసిబిడ్డయో రోగియో యుండవచ్చును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములలో రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 వఱకు. రూకలు చెల్లింపకమునుపే పెట్టెను ఇంటికి దెప్పించి, మ్రోగించి, పొరుగువారి గదిలో నిలిచి యొకమాఱు వినుడు.