ఉపవాస దీక్షకు ముందు వైద్యుని సలహా



“ఉప” అనగా సమీపమున, “వాసము” అనగా నివసించుట. భగవంతునికి చేరువగా నుండుటయే ఉపవాసము. ఆహారమును మానుట అందులకు సాధనము మాత్రమే. ఏకాదశినాడు, కార్తిక సోమవారమునాడు, మహాశివరాత్రినాడు ఒక్క దినము ఉపవసించుట మన యిండ్లలో తరతరములుగా నున్న ఆచారము. అయితే కొందరు భక్తులు శరన్నవరాత్రులు తొమ్మిది దినములును కేవలము నీటితోనే గడుపుటకు పూనుకొనుచున్నారు. వారి భక్తికి నమస్కరించుచు ఒక్క విన్నపము చేయుచున్నాము: సంకల్పము చెప్పుకొనుటకు ముందు వైద్యుని సంప్రదింపుడు.

ఈ మాట చెప్పుటకు కారణము గలదు. ఒక నవరాత్రి సమయమున మన సన్నిధిలో ఒక తల్లి నీరు తప్ప వేరేమియు ముట్టక, మధుమేహమునకు వాడు మాత్రలను మాత్రము యథాప్రకారము వేసికొనుచుండెను. మేమును ఆమె నిష్ఠను పదిమంది యెదుట కొనియాడితిమి. నాలుగవనాడు కుంకుమార్చన వేళ ఆమెకు చెమటలు పట్టినవి, చేతులు వణికినవి, మాట తడబడినది. అమ్మవారు ఆవహించినదని కొందరు హారతి యిచ్చిరి. అది ఆవేశము కాదు. రక్తములో చక్కెర పడిపోవుట. ఒక భక్తుడు గుర్తించి, వెంటనే పంచదార నీరు త్రాగించి ఆసుపత్రికి చేర్చుటచే ప్రాణము దక్కినది. “అమ్మా, మందులేమైన వాడుచున్నావా?” యని ఒక్క మాట అడుగక మెచ్చుకొన్నది మేమే. ఆ దోషము మాది.

ఆహారము లేనప్పుడు కాలేయములో నిలువయున్న చక్కెర సుమారు ఒక దినములో తరిగిపోవును. పిమ్మట శరీరము క్రొవ్వును కరిగించుకొని నిలుచును. ఆరోగ్యవంతులు దీనిని కొంతవరకు ఓర్చుకొందురు. ఇన్సులిన్‌గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలుగాని వాడువారికి ఆ చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాములకంటె దిగువకు పడిపోయినచో అపాయము. రక్తపోటు మాత్రలు వాడువారు ఒంటిలో నీరు తగ్గి కళ్ళు తిరిగి పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు, మూర్ఛ గలవారును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును, వృద్ధులును మరింత జాగరూకులై యుండవలెను. దీక్షకొరకు మందులను తమంతట తాము మానుటయు ప్రమాదమే.

ఇట్లు అడుగుట భక్తికి లోపమా? కాదు. అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చెను. నీరు, పండ్లు, పాలు, గురువాక్యము, ఔషధము మొదలైన ఎనిమిదింటివలన వ్రతమునకు భంగము లేదని పెద్దలు చెప్పియున్నారు. భాగవతము నవమస్కంధములో అంబరీషుని కథ మనమెరిగినదే. ఆ మహారాజు మూడు రాత్రులు ఉపవసించెను. ద్వాదశి గడియలు దాటిపోవుచున్నవి. స్నానమునకు వెళ్ళిన దుర్వాసుడు తిరిగి రాలేదు. అతిథి భుజింపక ముందు పారణ చేయరాదు, చేయకున్న వ్రతము చెడును. అంతటి భక్తుడును తనకు తోచినట్లు చేయక, తెలిసిన పెద్దల నడిగి, వారు చెప్పిన విధముగా నీటిని మాత్రము పుచ్చుకొనెను. ధర్మసందేహమునకు పండితుని అడిగినట్లే దేహసందేహమునకు వైద్యుని అడుగవలెను.

దీక్ష ముగిసిననాడు సైతము జాగ్రత్త వలయును. పలు దినములు ఏమియు తినక, ఒక్కసారిగా పులిహోర, బూరెలతో కడుపు నింపినచో రక్తములోని ఫాస్ఫేటు, పొటాషియము వంటి లవణములు హఠాత్తుగా తగ్గి గుండె లయ తప్పవచ్చును. పారణ ఎట్లు చేయవలెనో, ఏ లక్షణము కనబడిన దీక్ష విరమింపవలెనో ముందే అడిగి తెలిసికొనుడు.

వైద్యుడు వలదన్నచో చిన్నబుచ్చుకొనకుడు. ఏకభుక్తమో, పాలుపండ్లో, ఆయన అంగీకరించిన దానినే నియమముగా గైకొనుడు. అదియు తగదన్నచో వేళకు భుజించి నామజపము చేయుడు; అదియు భగవంతునికి చేరువ నుండుటయే. ఆనాటినుండి మన సన్నిధిలో దీక్ష కోరి వచ్చువారిని మేము మొదట అడుగు ప్రశ్న ఇదియే: “వైద్యునితో మాట్లాడితిరా?”

స్వస్తి.