పళ్లెం తిరగని ల్యాప్‌టాప్

2008లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాసరలో ట్రిపుల్ ఐటీ మొదలై, పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఆనాటి ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఉండేది హార్డ్ డిస్క్. లోపల నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం, వెంట్రుక మందం కూడా లేని ఎడంలో దాన్ని చదివే ముల్లు. నడుస్తుండగా గట్టి కుదుపు తగిలిందా, ముల్లు పళ్లేన్ని గీకేస్తుంది. మహబూబ్ ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని పనిచేయడం సాహసమే!

హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే ఫ్లాష్ మెమరీలో తిరిగేదేమీ లేదు. కరెంటు పోయినా సమాచారం చిప్పులోనే నిలుస్తుంది. 2007లో ఆసుస్ తెచ్చిన చిన్న ల్యాప్‌టాప్ 4 జీబీ ఫ్లాష్‌తో కిలోకన్నా తక్కువే తూగింది. నిల్వ మరీ కొంచెం, నిజమే. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఎస్‌ఎస్‌డీవే, అంటే ఫ్లాష్ మెమరీ డ్రైవ్ ఉన్నవే. అలాగని పాత ల్యాప్‌టాప్ పారేయకండి. చాలావాటికి డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవచ్చు. ముందు ఫైళ్లు మాత్రం మరోచోట కాపీ చేసుకోండి.