మార్పిడి కిడ్నీతో మాతృత్వం



ఉగాది పండుగనాడు రోగముల మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. కాని "సంతానవతివి కమ్ము" అని ఆడపిల్లలను దీవించే రోజు కూడ ఇదే. కిడ్నీ మార్చుకున్న కోడలిని గురించి మన ఇండ్లలో రెండు మాటలు వినవస్తాయి. "ఆమెకిక పిల్లలేమిటి?" అని కొందరు, "ఇంకెన్నాళ్లు?" అని కొందరు. రెండును తొందరపాటు మాటలే.

1956లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈడిత్ హెల్మ్ అనే యువతికి, ఆమెతో కవలగా పుట్టిన సోదరి ఇచ్చిన కిడ్నీని డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం అమర్చింది. 1958 మార్చిలో ఆమె మగబిడ్డను కన్నది. అవయవ మార్పిడి తర్వాత లోకంలో నమోదైన తొలి కాన్పు అదే. నాటినుండి వేలమంది అట్లే తల్లులైనారు.

అచ్చమైన కవల ఇచ్చినది కనుక హెల్మ్ శరీరం ఆ కిడ్నీని పరాయిదనుకోలేదు. తక్కినవారికి అట్లు కాదు. మందుబిళ్లలు జీవితాంతం తప్పవు. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. బిడ్డకు కీడని భయపడి బిళ్లలు మానితే కిడ్నీ పోవును, తల్లీబిడ్డలకు ముప్పు వచ్చును. మైకోఫెనొలేట్ అనే మందు మాత్రం శిశువుకు నిజంగా చేటు. దానిని గర్భానికి కనీసం 6 వారాలు ముందే డాక్టరు మార్పించి, సాధారణంగా అజాథయోప్రిన్ ఇస్తారు. టాక్రొలిమస్, ప్రెడ్నిసొలోన్ కొనసాగించవచ్చును. ఏది మార్చినా డాక్టరే మార్చవలెను.

ఆపరేషన్ తర్వాత 1 నుండి 2 ఏండ్లు ఆగవలెను. కొద్ది నెలలలోనే గర్భం నిలిచే అవకాశం ఉన్నది గనుక అంతదాక జాగ్రత్త అవసరం. కిడ్నీ పనితీరు నిలకడగా ఉండి, రక్తపోటు అదుపులో ఉన్నప్పుడే గర్భానికి సిద్ధం కావలెను. గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, కండ్లు మసకలు, ముఖం వాపు కనిపిస్తే అది గుర్రపువాతానికి ముందు సూచన కావచ్చును, తెల్లవారేదాక ఆగరాదు. మార్పిడి కిడ్నీ పొత్తికడుపులో ఒకపక్కన ఉంటుంది. అది ప్రసవానికి సాధారణంగా అడ్డురాదు. దానికోసమే కడుపు కోయవలసిన పనిలేదు.

ఇట్టి కాన్పులలో దాదాపు సగం నెలలు నిండకముందే జరుగుతాయి. మన సిరొంచ తాలూకాకు రైలు లేదు. నాగపూరైనా, హైదరాబాదైనా గంటల తరబడి ప్రయాణం. వానాకాలంలో ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి పొంగితే ఊళ్లకు దారులే తెగిపోతాయి. అందుచేత వానలకు ముందే బిళ్లలు నిలువ ఉంచుకొనవలెను. ఏడవ నెల రాకముందే పెద్ద ఆస్పత్రి ఉన్న పట్టణంలో బస ఏర్పాటు చేసుకొనవలెను. తొలికాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. ఈ కాన్పుకు మాత్రం ఆ ఆస్పత్రి ఉన్న ఊరే పుట్టిల్లు.

బిడ్డను కనుటయా, మానుటయా అన్నది ఆ దంపతుల నిర్ణయం. వారికి ధైర్యం చెప్పుట, ప్రయాణానికి తోడుపోవుట మన వంతు. అట్టి ఇల్లాలు మీ ఇంట ఉంటే, ఈ ఏడు దీవెనతోపాటు ఆ తోడు కూడ ఇవ్వవలెనని కోరుచు సెలవు తీసుకొంటున్నాను.