రాజగీర్ వేడినీళ్ళు, నలందా ఇటుకలు

(సాయంత్రం అక్షర కేంద్రంలో ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)

అక్కలారా, పిన్నమ్మలారా, పెద్దమ్మలారా! 

పొద్దంతా మిరపకోతకు పోయి వచ్చారు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ఒక్కరోజు ప్రయాణం గురించి చెబుతాను. ఆ రోజు మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న గురించి చెబుతాను.

మా అమ్మ మీలాంటిదే. చిన్నప్పుడు బడికి పోలేదు. తమ్ముళ్ళను ఎత్తుకుంది, గేదెలను తోలుకుపోయింది. నలభై ఎనిమిదో ఏట పలక పట్టింది. ఇప్పుడు కూడబలుక్కొని చదువుతుంది. అంకెలు మాత్రం గబగబా చదువుతుంది.

నాన్న పోయిన మరుసటి ఏడు మేము గయ వెళ్ళాం. గయ బీహారు రాష్ట్రంలో ఉంది. తమ్ముడు పిండాలు పెట్టాడు. తిరుగు రైలుకు ఇంకా ఒకరోజు ఉంది. సత్రంలో వాళ్ళు ఒక మాట చెప్పారు. "రాజగీర్, నలందా చూపించే బస్సు ఉంది. గైడు కూడా వస్తాడు. పొద్దున బయలుదేరితే రాత్రికి వచ్చేస్తారు" అన్నారు. గైడు అంటే చోటు చూపించి, దాని కథ చెప్పే మనిషి.

అమ్మ రానంది. "అవి చదువుకున్నవాళ్ళు చూసే చోట్లు. నాకేం తెలుస్తుంది? మీరు పోయి రండి. నేను సత్రంలో పడుకుంటా" అంది.

"అక్కడ వేడినీళ్ళ స్నానం ఉందమ్మా. మోకాళ్ళకు హాయిగా ఉంటుంది" అన్నాను. ఆ మాటకు ఒప్పుకుంది.

బస్సు నంబరు

బస్సు ఎక్కేముందు అమ్మ బోర్డు వంక చూసింది. అంతా హిందీ. ఒక్క అక్షరం కూడా తెలియలేదు. "ఇన్నాళ్ళు కష్టపడి నేర్చుకుంటిని. ఇక్కడికొస్తే మళ్ళీ మొదటికే వచ్చిందే అమ్మాయ్" అంది. ఆమె ముఖం చిన్నబోయింది.

నేను బస్సు నంబరు చూపించాను. చివర నాలుగు అంకెలు ఉన్నాయి. అమ్మ వాటిని తడుముకోకుండా చదివింది. కొంగున ముడి విప్పి చిన్న కాగితం తీసింది. ఆ నాలుగు అంకెలూ రాసుకుంది. అక్షరాలు ఊరు ఊరుకూ మారతాయి. ఈ అంకెలు మాత్రం చాలాచోట్ల ఇవే.

ఆ కాగితం మధ్యాహ్నం పనికొచ్చింది. రాజగీర్‌లో ఒకే రంగు బస్సులు పది నిలబడి ఉన్నాయి. మాతో వచ్చిన ఒక ముసలమ్మ దిక్కు తెలియక నిలబడిపోయింది. అమ్మే ఆమె చెయ్యి పట్టుకొని మా బస్సు దగ్గరికి తీసుకొచ్చింది.

అయిదు కొండల ఊరు

గయ నుంచి రాజగీర్ సుమారు 70 కిలోమీటర్లు. దాని పాత పేరు రాజగృహం. చుట్టూ అయిదు కొండలు. మధ్యలో పాత ఊరు. ఒకప్పుడు మగధ రాజ్యానికి ఇదే రాజధాని. బుద్ధుడి కాలంలో బింబిసారుడు ఇక్కడినుంచే రాజ్యం చేశాడు. హరికథలో జరాసంధుడి కథ విన్నారు కదా? భీముడు రెండుగా చీల్చాడే, ఆ జరాసంధుడి ఊరు కూడా ఇదే అంటారు.

గయ దారిన వస్తే కొండల సందులో ఒక పాత గోడ కనిపిస్తుంది. పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టారు. సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి, అంతే. కొండల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల పొడవున ఆ గోడ ఉండేది. "మన చేను గట్టు మీద రాళ్ళు పేర్చినట్టే ఉంది. కాకపోతే వీళ్ళు ఏనుగులంత రాళ్ళు పేర్చారు" అంది అమ్మ.

వేడినీళ్ళు

వైభారగిరి అనే కొండ కింద వేడినీటి కుండాలు ఉన్నాయి. మెట్లు దిగి పోవాలి. కొన్నిచోట్ల నీళ్ళు ధారగా పడతాయి. ధార కింద కూర్చొని స్నానం చేస్తారు. అన్నిటిలోకీ బ్రహ్మకుండం నీళ్ళు ఎక్కువ వేడి. సుమారు 45 డిగ్రీలు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. దీన్నిబట్టి ఆ నీళ్ళు ఎంత వేడో చూసుకోండి.

కింద ఎవరు మంట పెట్టారు? ఎవరూ పెట్టలేదు. వాన నీళ్ళు కొండ పగుళ్ళలోంచి లోపలికి దిగుతాయి. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. ఒక కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. బాగా లోతుకు పోయిన నీళ్ళు కాగులో కాగినట్టు కాగుతాయి. ఇంకో పగులు దొరికితే పైకి వస్తాయి. చల్లారేలోపే పైకి వస్తే అదే వేడినీటి ఊట. మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి ఊట ఉంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్ళు వస్తాయి.

అమ్మ ధార కింద కూర్చుంది. మోకాళ్ళ మీద నీళ్ళు పడుతుంటే కళ్ళు మూసుకుంది. నాన్న పోయాక ఆమె ముఖం అంత నెమ్మదిగా ఉండగా నేను చూడలేదు. అందుకే లేపబుద్ధి కాలేదు. అదే నా తప్పు. చాలాసేపు కూర్చొని ఒక్కసారి లేచింది. కళ్ళు తిరిగాయి. పక్కనున్న ఒక బీహారు అమ్మ గబుక్కున పట్టుకుంది. మెట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. ఆమె మాట అమ్మకు రాదు. అమ్మ మాట ఆమెకు రాదు. కాసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని కూర్చున్నారు.

మీరు ఎప్పుడైనా వేడినీటి ఊటకు పోతే ఈ మాటలు గుర్తుంచుకోండి.

ముందు చేత్తో నీళ్ళు తాకి చూడండి.
అయిదు, పది నిమిషాలకు మించి ఉండవద్దు.
లేచేటప్పుడు మెల్లగా లేవండి. తరువాత మంచినీళ్ళు తాగండి.
గర్భిణులు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దిగవద్దు.
ఒంటి మీద పుండ్లు ఉంటే దిగవద్దు.
వేడినీళ్ళు నొప్పికి కాస్త హాయినిస్తాయి. జబ్బును పోగొడతాయని మందులు మానవద్దు.

నలందా

మధ్యాహ్నం నలందా చేరాం. రాజగీర్ నుంచి 12 కిలోమీటర్లు ఉంటుంది. టికెట్లకు గైడు అందరి దగ్గరా డబ్బులు వసూలు చేశాడు. అమ్మ టికెట్ల కిటికీ పైన ఉన్న బోర్డు చూసింది. గైడును పిలిచి వేలు పెట్టి చూపించింది. బోర్డు మీద అంకె కన్నా అతను మనిషికి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. అమ్మ తెలుగులోనే అడిగింది. "బాబూ, ఇది ఒకటి, నువ్వు తీసుకున్నది ఒకటి. ఏంటి సంగతి?" అతనికి తెలుగు రాదు. వేలు మాత్రం అర్థమైంది. నవ్వి, అందరికీ పది పది తిరిగి ఇచ్చాడు. ఆ తరువాత ఏది చెప్పినా అమ్మ వైపు తిరిగి చెప్పాడు. నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

నలందా ఒక పెద్ద చదువుల చోటు. సుమారు 1600 ఏళ్ళ కిందట, గుప్తరాజుల కాలంలో మొదలైంది. దాదాపు 800 ఏళ్ళు నడిచింది. చైనా నుంచి, టిబెట్ నుంచి కూడా వచ్చి చదువుకున్నారు. ఇప్పుడు మిగిలినవి ఎర్ర ఇటుకల గోడలు. ఆ గోడలు ఎంత మందం! వాటి మధ్య వరసగా చిన్న చిన్న గదులు. నడుమ వాకిలి. వాకిట్లో బావి. మురుగు పోవడానికి కాలవ. 2016లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ జాబితాలో చేరిన చోటు 23 హెక్టార్లు. మన లెక్కలో సుమారు 57 ఎకరాలు.

హుయాన్ త్సాంగ్ అనే చైనా యాత్రికుడు సుమారు 1400 ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి చదువుకున్నాడు. గుమ్మం దగ్గరే కొత్తవాళ్ళను ప్రశ్నలు అడిగేవారట. పదిమందిలో ఏడెనిమిది మంది జవాబు చెప్పలేక వెనక్కి పోయేవారని అతను రాశాడు. అతను మన వైపు కూడా వచ్చాడు. మన అమరావతి దగ్గర ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉన్నాడు.

"ఇక్కడ పదివేల మంది ఉండేవారు" అన్నాడు గైడు. హుయాన్ త్సాంగ్ జీవిత కథలో అలాగే ఉంది. తరువాత ఇత్సింగ్ అనే ఇంకో చైనా యాత్రికుడు వచ్చాడు. అతను మూడు వేలకు పైగా అని రాశాడు. ఒకే మాట విని ఊరుకోకుండా, రెండు మూడు చోట్ల చదివి పోల్చుకోవాలి. బజారులో రెండు కొట్లలో ధర అడగమా? అలాగే ఇదీ.

అమ్మ ప్రశ్న

గదుల ముందు అమ్మ ఆగింది. "ఇంతమందికి అన్నం ఎక్కడినుంచి వచ్చేది?" అని అడిగింది.

గైడుకు ఈ ప్రశ్న నచ్చింది. "నూరు ఊళ్ళ శిస్తు రాజు దీనికి ఇచ్చాడు. ఆ ఊళ్ళలో రెండు వందల ఇళ్ళవాళ్ళు రోజూ బియ్యం, పాలు, వెన్న తెచ్చి ఇచ్చేవారు" అన్నాడు. ఇది కూడా హుయాన్ త్సాంగ్ జీవిత కథలోనే ఉంది.

"అయితే రోజూ అన్ని వడ్లు దంచింది ఎవరు?" అంది అమ్మ.

గైడు ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. రాజుల పేర్లు ఉన్నాయి. గురువుల పేర్లు ఉన్నాయి. వడ్లు దంచినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

అక్కడ మ్యూజియం ఉంది. దానికి శుక్రవారం సెలవు. మేము పోయింది బుధవారం. లోపల బొమ్మలు, రాగిరేకులు, నాణేలు, కుండలు ఉన్నాయి. వాటితోపాటు కాసిని మాడిన బియ్యం ఉన్నాయి. 12వ శతాబ్దం నాటివి. అంటే ఎనిమిది వందల ఏళ్ళు దాటాయి. నల్లగా బొగ్గుల్లా ఉన్నాయి. గింజ ఆకారం మాత్రం పోలేదు. సుమారు 1200 సంవత్సరం ప్రాంతంలో దాడుల్లో నలందా కాలిపోయిందని చరిత్రలో చెబుతారు.

అందరూ బుద్ధుడి విగ్రహాల ముందు నిలబడ్డారు. అమ్మ ఆ బియ్యం ముందు నిలబడింది. "ఎవరమ్మ చెరిగిందో, ఎవరమ్మ దంచిందో! తినకముందే మాడిపోయాయి" అంది. చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు.

బస్సులో ఇంకో ప్రశ్న అడిగింది. "ఆ కాలంలో ఆడవాళ్ళు చదువుకున్నారా?" నలందాలో ఉన్నది భిక్షువులు, అంటే మగ సన్యాసులు. కానీ అంతకుముందే బౌద్ధంలో భిక్షుణులు ఉన్నారు. వాళ్ళు చెప్పిన మాటల పుస్తకం ఒకటి ఉంది. దాని పేరు థేరీగాథ. 2000 ఏళ్ళకు పైబడిన పుస్తకం. ఆ భిక్షుణుల్లో ఖేమ ఒకరు. ఆమె ఈ రాజగృహంలోనే బింబిసారుడి రాణి అని కథ. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "చూశావా! ఆమె మాట నిలబెట్టారు కాబట్టి ఇవాళ నువ్వు నాకు చెబుతున్నావు" అంది.

మట్టి కింద నుంచి

కాలిపోయిన తరువాత నలందాను జనం మరిచిపోయారు. మట్టి కప్పేసింది. దిబ్బలు లేచాయి. అదే నలందా అని మళ్ళీ ఎలా తెలిసిందో తెలుసా? హుయాన్ త్సాంగ్ తను నడిచిన దారి రాసిపెట్టుకున్నాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో, ఏ దిక్కున ఉందో రాశాడు. 1861లో కన్నింగ్‌హామ్ అనే తెల్లదొర ఆ రాతలు పట్టుకొని వచ్చి, ఈ దిబ్బలే నలందా అని గుర్తుపట్టాడు. 1915 నుంచి తవ్వకాలు జరిగాయి. ఒక బాటసారి రాసిన పుస్తకం పన్నెండు వందల ఏళ్ళ తరువాత ఇంత పెద్ద చోటును చూపించింది.

ఇంటికి వచ్చాక అమ్మ నా పాత నోటు పుస్తకం అడిగింది. వెనకవైపు ఖాళీ పేజీలు ఉన్నాయి. రెండు రాత్రులు కూర్చొని రాసింది. చూసి రాసింది కాదు, నేను చెప్తే రాసింది కాదు. తనంతట తాను రాసిన మొదటి పేజీ అది. వత్తులు కొన్ని తప్పాయి. నేను దిద్దలేదు. అందులో బస్సు నంబరు ఉంది. పట్టుకున్న బీహారు అమ్మ ఉంది. పది రూపాయల సంగతి ఉంది. చివరన ఇలా ఉంది: "నలందాలో మాడిన బియ్యం చూసినాను. దంచినవాళ్ళ పేరు లేదు. మా అమ్మ కూడా దంచింది." దాని కింద వాళ్ళ అమ్మ పేరు రాసింది. మా అమ్మమ్మ పేరు కాగితం మీద నేను చూడటం అదే మొదటిసారి.

అక్కలారా! ఇవాళ్టి పని చిన్నది. నలందా పోనక్కరలేదు. మీ నోటు పుస్తకం తీయండి. మీ అమ్మ పేరు రాయండి. వాళ్ళ అమ్మ పేరు తెలిస్తే అదీ రాయండి. తెలియకపోతే ఇంటికి పోయి పెద్దవాళ్ళను అడగండి. కింద ఒక్క మాట, ఆమె ఏ పని బాగా చేసేదో రాయండి. వత్తులు తప్పినా ఫరవాలేదు. రేపు సాయంత్రం ఒక్కొక్కరూ చదవాలి. అందరం విందాం.

ఇక పోయి ఎసరు చూసుకోండి. నమస్కారం.