ఎడమ చేతికీ పని ఉంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లలకు పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పమని సంఘం వారు అడిగారు. ఇంజనీర్లు డ్రాయింగులు గీసే ఆటోకాడ్‌లోని పొట్టి ఆదేశాల గురించి చెబుతాను.

ఆటోకాడ్ 1982లో వచ్చింది. అందులో ప్రతి పనికీ తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. కానీ చేయి తిరిగినవాళ్ళు బొమ్మల కోసం వెతకరు. ఎల్ నొక్కితే గీత, సి నొక్కితే వృత్తం. సి ఓ నకలు తీస్తుంది. టి ఆర్ హద్దు దాటిన గీతను కత్తిరిస్తుంది, ఇ ఎక్స్ హద్దు దాకా సాగదీస్తుంది. ఓ నొక్కి 230 అని ఇచ్చి, గోడ గీతను చూపిస్తే, దానికి సరిగ్గా 230 మిల్లీమీటర్ల దూరంలో రెండో గీత పడుతుంది. అదే మన తొమ్మిదంగుళాల గోడ. ఎఫ్ 8 నొక్కితే గీత అడ్డంగానో నిలువుగానో తప్ప ఏటవాలుగా పోదు. ఒక పని ముగిశాక స్పేస్ బార్ నొక్కితే అదే ఆదేశం మళ్ళీ వస్తుంది.

కుడి చేయి మౌస్ మీద, ఎడమ చేయి కీల మీద, కళ్ళు డ్రాయింగు మీద. సమయం కలిసిరావడం ఒక్కటే కాదు, చూపు పని మీద నుంచి పక్కకు పోదు. నా లెక్కలో అసలు లాభం అదే.

తెలుగు మీడియంలో చదివి డిప్లొమా చేసిన పిల్లలు "అంతా ఇంగ్లీషే కదా సార్" అని జంకుతుంటారు. నేనూ ఈ బడిలో తెలుగులో చదివినవాణ్ణే. రోజువారీ పనికి కావలసింది పదిహేను, ఇరవై ఆదేశాలు. ఎక్కాలు నోటికి వచ్చినట్టు ఇవి వేళ్ళకు వస్తాయి. ఏ అక్షరానికి ఏ ఆదేశమో అకాడ్ డాట్ పిజిపి అనే ఫైల్లో రాసి ఉంటుంది, మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా. అయినా మొదట అందరూ వాడేవే నేర్చుకోండి. రేపు వేరే ఆఫీసులో కూర్చున్నా చేయి తడబడదు.

ఒక్క హెచ్చరిక. వేళ్ళ వేగం వేరు, పని నాణ్యత వేరు. గది 3000 ఉండాల్సిన చోట కొలత 2950 చూపిస్తే, గీతను సరిచేయకుండా అంకె మీద 3000 అని టైపు చేసేవాళ్ళున్నారు. కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది. అదే ఫైల్లోంచి ఇంకొకరు కిటికీకో అల్మారాకో కొలత తీసుకుంటే, ఆ 50 మిల్లీమీటర్ల తేడా సైటులో బయటపడుతుంది. మేస్త్రి మన డ్రాయింగును నమ్మి ఇటుక పేరుస్తాడు. కట్టిన గోడను వెనక్కి తీసుకునే కీ ఏ కీబోర్డు మీదా లేదు.

చివరిగా ఒక మాట. అర్హులైన విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఆటోడెస్క్ సంస్థ ఈ సాఫ్ట్‌వేర్‌ను చదువు కోసం ఉచితంగానే ఇస్తోంది. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే వేసవి సెలవుల్లో మన కంప్యూటర్ గదిలో పిల్లలకు నేర్పడానికి నేను సిద్ధం. ఈ పని తెలిసిన మిత్రులు చేయి కలపాలని కోరుతున్నాను.

సెలవు.