మోకాలి మీది బరువును లెక్కించే కంప్యూటరు – మన వాదనకు దాని వినియోగం

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వృత్తివ్యాధుల విషయమై మన సంఘాలు ఇంతవరకు సాగించిన పోరాటం ప్రధానంగా ఊపిరితిత్తులను గురించినది. సిలికోసిస్‌కు, ప్రత్తి ధూళి వలన వచ్చే వ్యాధికి చట్టంలో పేర్లున్నాయి. మోకాలికి లేదు. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలులో గాని, 2020 సామాజిక భద్రతా కోడ్ మూడవ షెడ్యూలులో గాని మోకాలి కీలు అరుగుదల అన్న మాట కానరాదు. గనిలో వంగి మోకరిల్లి పనిచేసినవాడు, గచ్చు పరచినవాడు, బస్తాలు మోసినవాడు యాభై ఏళ్లకే గోడ పట్టుకొని లేవవలసి వచ్చినప్పుడు, "ఇది వయసు వలన వచ్చినది" అన్న ఒక్క వాక్యంతో వైద్య మండలి కాగితం మూసివేస్తుంది. ఆ వాక్యాన్ని నేను ఎన్నో కేసులలో చూచినాను. దానికి మనం చెప్పిన జవాబులలో ఆవేశం ఉన్నంతగా లెక్క లేదు. ఆ లెక్క ఎక్కడ దొరకుతుందో చెప్పడమే నేటి విషయం.

మోకాలు శరీరపు బరువును మాత్రమే మోస్తుందని మనం అనుకుంటాము. అది సరికాదు. తూనికకోలను తలచుకోండి. అరవై కిలోల మనిషి ఒంటికాలిపై కొద్దిగా మోకాలు వంచి మెట్టు దిగుతున్నాడు. అతని బరువు రేఖ కీలు మధ్యభాగానికి పది సెంటీమీటర్ల వెనుకగా పోతున్నదనుకొందాము. అతడు కూలిపోకుండా పట్టి ఉంచేది తొడ ముందరి కండరం. దాని లాగుడు చిప్ప కిందుగా పోయే స్నాయువు ద్వారా పనిచేస్తుంది. ఆ స్నాయువు కీలుకు సుమారు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నది. పొడుగు కొనన ఉన్న అరవై కిలోలను పొట్టి కొనతో నిలపాలంటే నూట యాభై కిలోల లాగుడు కావాలి. ఆ నూట యాభై, ఈ అరవై – రెండూ కీలు మీదనే పడతాయి. మొత్తం రెండు వందల పది కిలోలు. ఇప్పుడు అదే మనిషి భుజాన యాభై కిలోల సిమెంటు బస్తా ఉంచి, అదే భంగిమలో దించండి. కీలు మీది బలం మూడు వందల ఎనభై అయిదు కిలోలకు చేరుతుంది. బస్తా యాభై కిలోలే. మోకాలికి పెరిగిన భారం నూట డెబ్బది అయిదు. హమాలీ రేట్ల బేరంలో ఈ సంఖ్యను ఎవరైనా ఎన్నడైనా ప్రస్తావించినారా?

ఇది పలక మీద వేసిన మోటు లెక్క. నిజమైన మోకాలిలో అనేక కండరాలు ఒకేసారి లాగుతాయి. ఏది ఎంత లాగుతున్నదో సమీకరణాలు మాత్రమే చెప్పలేవు. తెలియనివి ఎక్కువ, సమీకరణాలు తక్కువ. అందుచేత దేహం తన శ్రమను వీలైనంత పొదుపుగా పంచుకొంటుందన్న ఊహను కంప్యూటరుకు ఇస్తారు. మనిషి నడకను కెమెరాలతోను, పాదం కింది బలాన్ని నేలలో అమర్చిన పళ్లెంతోను కొలిచి, ఆ ఊహ ప్రకారం కండరాల బలాలను రాబడతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఇందుకై ఓపెన్‌సిమ్ అనే ప్రోగ్రామును రూపొందించి 2007లో ఉచితంగా అందరికీ ఇచ్చినారు. రెండవ పద్ధతి విమానపు రెక్కల ఇంజనీర్ల నుండి వచ్చినది. వస్తువును వేలకొలది చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క ఎంత అణగుతుందో లెక్కించడం దాని సారం. 1960లో ఈ పద్ధతికి పేరు పెట్టినవాడు క్లఫ్ అనే ఆచార్యుడు. 1970ల ఆరంభంలో అది ఎముకల దగ్గరకు చేరినది. కీలులోని మృదులాస్థి కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. దానిలో రక్తనాళాలు లేవు; గాయపడితే సరిగా మానదు. మొత్తం బలం ఎంత అన్నదాని కంటె అది ఏ చోట, ఎంత చిన్న వైశాల్యం మీద పడుతున్నదన్నది ముఖ్యం. దానిని ఈ రెండవ పద్ధతి చూపగలదు.

యంత్రం వేసిన లెక్కను ఎందుకు నమ్మాలి అని యాజమాన్యపు వకీలు అడుగుతాడు. అడగవలసినదే. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ అనే శాస్త్రజ్ఞుని బృందం కృత్రిమ కీలులోనే కొలత సాధనాలు అమర్చి, కొందరు రోగులలో లోపలి బలాన్ని నేరుగా కొలిచినది. 2010లో ప్రకటించిన వారి సగటు ఫలితాల ప్రకారం సమతల నడకలో శరీరపు బరువుకు దాదాపు 2.6 రెట్లు, మెట్లు ఎక్కడంలో 3.2 రెట్లు, దిగడంలో 3.5 రెట్లు. ఆ తరువాత ఇటువంటి కొలతలను దాచి ఉంచి, పరిశోధకులను ముందుగా లెక్క చెప్పమని పోటీలు పెట్టినారు. అంచనాలు కొన్ని దగ్గరకు వచ్చినవి, కొన్ని రాలేదు. దాచిన కొలతతో పోల్చుకొని తప్పును బయటపెట్టుకొనే శాస్త్రం గనుకనే దానిని నేను గౌరవిస్తాను.

మనకు అన్నిటికంటె ముఖ్యమైన ప్రయోజనం వేరొకటున్నది. వయసు, స్థూలకాయం అన్న వాదన వచ్చినప్పుడు, కంప్యూటరులో అదే దేహాన్ని, అదే బరువును అట్లే ఉంచి, బస్తాను మాత్రం తీసివేసి మళ్లీ లెక్క వేయవచ్చు. రెండు లెక్కల మధ్య తేడా పనిది, మనిషిది కాదు. సజీవుడైన కార్మికునిపై ఈ పరీక్ష చేయడం అసాధ్యం.

అయితే జాగ్రత్త అవసరం. ఈ నమూనాలలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో నున్నటి నేలపై కొన్ని అడుగులు నడిచినవారివి. మన కార్మికుడు గొంతుకూర్చుంటాడు. అట్లా పూర్తిగా కూర్చున్నప్పుడు తొడ పిక్కకు ఆనుకొని కొంత భారాన్ని తాను తీసుకొంటుంది. దీనిని వదిలివేసిన నమూనా భారాన్ని హెచ్చుగా చూపుతుంది. అటువంటి హెచ్చు సంఖ్యను పట్టుకొని మనం వాదిస్తే, ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో మన కేసును పడగొడతాడు. మరొక వంక, ఎనిమిదవ గంటలో అలసిన కండరంతో లారీ పలక ఎక్కే హమాలీ నడక ఆ ప్రయోగశాలల లెక్కలలో ఎక్కడున్నది? తట్టా చెమ్మాస్ పట్టి బొగ్గు నింపిన సింగరేణి ఫిల్లరు మోకాలి చరిత్ర ఎక్కడున్నది?

పైగా నమూనా ఒక్కటే పరిహారం తెచ్చిపెట్టదు. ఇతర దేశాలలో చట్టాన్ని మార్చినది, ఏ పనివారిలో ఈ వ్యాధి ఎంతమందికి వచ్చినదన్న జనగణన. బ్రిటన్‌లో 2009లో బొగ్గుగని కార్మికులకు, 2010లో తివాచీలు, గచ్చు పరచేవారికి మోకాలి అరుగుదలను వృత్తివ్యాధిగా చేర్చినారు. జర్మనీ కూడ 2009లోనే చేర్చినది. అక్కడి షరతు గమనింపదగినది: జీవితకాలంలో మోకరిల్లి, లేక దానితో సమానమైన భారంతో, కనీసం 13,000 గంటలు పనిచేసి ఉండాలి, షిఫ్టుకు ఒక గంటకు తగ్గరాదు. రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి 260 పనిదినాలు వేసుకొంటే పన్నెండున్నర సంవత్సరాలు. మన టైల్స్ కార్మికులలో ఎంతమంది ఈ హద్దును ముప్పయి అయిదేళ్లు నిండకముందే దాటి ఉంటారో మీరే ఊహించవచ్చు. కాని గంటలు రాసి ఉంచినవారెవరు? కాంట్రాక్టరు మస్టరులో హాజరు ఉంటుంది, భంగిమ ఉండదు.

బరువు విషయంలోను ఇదే స్థితి. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 127వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. దానితో పాటు వచ్చిన 128వ సిఫారసు, వయోజన పురుషుడు మోసే బరువును 55 కిలోలకు తగ్గించవలెనని చెప్పినది.

కావున ప్రతి శాఖ కార్యదర్శి ఈ మాసం నుండి ఒక పుస్తకం తెరవవలెను. సభ్యుని పేరు, పని, మోకరిల్లిన గంటలు, గొంతుకూర్చున్న గంటలు, మోసిన బస్తాల సంఖ్య, ఒక్కొక్క దాని బరువు, ఎక్కిన మెట్లు లేక పలక ఎత్తు – ఇవి రోజువారీగా కార్మికుని చేతనే చెప్పించి రాయవలెను. స్త్రీ కార్మికుల వివరాలు విడిగా ఉండాలి. మట్టి తట్ట మోసే ఆమెను పురుషుని నమూనాలో కలిపివేయరాదు. గంటలను గొంతుకూర్చున్నవి, మోకరిల్లినవి అని వేరుచేయకుండా కలిపి రాసిన పుస్తకం పనికిరాదు. ఆరు మాసాల పుస్తకాలు కేంద్ర కార్యాలయానికి చేరిన తరువాత, నడకను కొలిచే సాధనాలున్న ఇంజనీరింగు కళాశాలల ఆచార్యులను సంప్రదించే బాధ్యత మేము తీసుకొంటాము. పుస్తకం నమూనా ప్రతులు వెనుక బల్ల మీద ఉన్నవి. శాఖకు రెండు చొప్పున తీసుకొనిపోగలరు.